కత్తిరించినవాడిదే పేరు

బళ్ళు తెరిచే కాలం వచ్చిందంటే మా ఇంట్లో మనుషులకు చోటుండదు. మంచం మీద, కిటికీలో, ఫ్రిజ్ పైన, ఎక్కడ చూసినా యూనిఫారం గుడ్డే. కూర్చోవాలంటే ఎవరో ఒక పిల్లవాడి నిక్కరును పక్కకు జరపాలి. ఇందుకూరుపేట సెంటర్లో ఉన్న ‘అమీర్ టైలర్స్’ మా నాయనది. షాపులో మిషను ముందు నాయన, ఇంట్లో గడప దగ్గర వెలుతురు చూసుకుని అమ్మ. కత్తిరించి కుట్టడం నాయన వంతు. కాజాలు, బొత్తాలు, హుక్కులు, అంచు మడతలు అమ్మ వంతు. నాయన చేసేదాన్ని మా ఇంట్లో పని అంటారు. అమ్మ చేసేదాన్ని చేతిపని అంటారు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే కాబట్టి అందులో ఏదో తేడా ఉందని నాకెప్పుడూ తోచలేదు.

నేను ఊళ్ళోనే ఒక ప్రైవేటు బళ్ళో కంప్యూటరు టీచర్ని. సాయంత్రం బడి వదలగానే ఇంటికి పోకుండా షాపుకు పోయేదాన్ని. ఇంట్లో సిగ్నల్ అందదు. నాయన మిషను పక్కన, ఇస్త్రీ బల్ల చివర, ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. నేను చేసే పని ఏమిటో అడిగిన వాళ్ళకు చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ‘ఏదో కంప్యూటరు పనిలే’ అనడం అలవాటు చేసుకున్నాను. అసలు సంగతేమిటంటే, పిల్లలు లెక్కలూ సైన్సూ ఆడుకుంటూ నేర్చుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, వాడుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు. దాన్ని తెలుగులోకి మార్చేది నేను. జీతం లేదు, బత్తెం లేదు. అక్కడ చేసినవాళ్ళకు దక్కేది ఒక్కటే, పేరు.

ఆ పేరే నాకు దక్కలేదు. ఖాతా తెరిచిన రోజున మాకున్నది నాయన ఫోనొక్కటే, షాపులో కూర్చుని ఆ నంబరుతోనే తెరిచాను. పేరు అడిగిన చోట నా పేరు కొడుతున్నానంటే, నాయనకు అన్నం తెచ్చిన అమ్మ అడ్డం వచ్చింది. “ఆడపిల్ల పేరు ఊరంతా తిరిగేదెందుకు, మీ నాయన పేరు పెట్టు” అంది. పెట్టాను. అమీర్ బాషా, ఇందుకూరుపేట. ఏళ్ళు గడిచాయి, నేను చేసిందంతా ఆ పేరు కిందనే పోగుపడుతూ వచ్చింది.

నాయనను అప్పుడప్పుడూ మాటలడిగేదాన్ని.

“నాయనా, ఒకటి దగ్గర పెట్టుకుని, దాన్ని చూసి అట్టాంటివే మళ్ళీ మళ్ళీ చేసుకుంటామే, దాన్నేమంటారు?”

“ఆది. ఆది చొక్కా, ఆది జాకెట్టు అనరా? టైలరు కడుపున పుట్టి ఇదీ తెలీదా నీకు?”

“చిరిగిన చోట ముక్కేసి కుడితే?”

“మాసిక. ఇంకా ఏమన్నా ఉండాయా, లేకుంటే ఈ కాలరు ఎక్కించుకోనా?”

అలా టెంప్లేట్‌కు ఆది, ప్యాచ్‌కు మాసిక అని, కొన్ని మాటలు ఆయన దగ్గర తీసుకున్నాను. మంచి మాటలు, కాదనను. కానీ ఎంతలే, దోసిట్లో పట్టేటన్ని. మిగతాది, అంటే తెర మీద పిల్లవాడు చదివే ప్రతి వాక్యమూ, నేను రాసిందే. తప్పు జవాబు నొక్కితే ఇంగ్లీషులో ముఖం మీద కొట్టినట్టు తప్పు అని వస్తుంది. నాలుగో తరగతి పిల్లకు అదెలా చెప్పాలా అని రోజులు రోజులు తిరిగాను. చివరికి ‘కాదు, ఇంకోసారి చూడు, దగ్గరికొచ్చావు’ అని రాశాను. రాసిన రోజు సంతోషం పట్టలేక నాయన వైపు చూస్తే, ఆయన నోట్లో గుండుసూదులు పెట్టుకుని పిలకాయల నిక్కర్లకు పట్టీలు కొలుస్తున్నాడు.

జూన్ నెల మొదట్లో ఒక మధ్యాహ్నం నాయన వేళ కాని వేళ ఇంటికొచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది.

“నెల్లూరు నించి ఫోనొచ్చినాది. ఎవరో పెంచలకృష్ణ అంట, కాలేజీ లెక్చరరు. డిజిటల్ మీడియా, చదువులు, ఓపెన్ సోర్సు, అన్నిటికీ కలిపి పెద్ద సదస్సు పెడతా ఉండారంట. చుట్టుపక్కల జిల్లాల నించి వస్తారంట. మమ్మల్ని రమ్మన్నారు.”

“మమ్మల్నంటే?” అన్నాను.

“నన్ను” అన్నాడు, కొంచెం సిగ్గుపడి. “అమీర్ బాషా గారేనా అన్నాడు. అవునన్నా. తెలుగుకి మీరు చేసిన సేవ సామాన్యమా అన్నాడు. నేనేం చేసినా సామీ అంటే, ఆది, మాసిక, ఆ మాటలు పెట్టింది మీరే గదా అన్నాడు. అవును నేనే చెప్పినా అన్నా. సన్మానం చేస్తారంట.”

అమ్మ సూది ఆపకుండానే అడిగింది. “పాప సంగతి చెప్పినావా?”

“ఆయన అడగలేదు మే. అడిగితే చెప్పనా?”

నాకు కోపం వచ్చిందంటే అబద్ధం. ఆ రోజు నాకు కలిగింది ఆశ. ఫోన్లో ఏం చెబుతాడులే, అక్కడికి పోయాక చెబుతాడు, ఇదంతా మా అమ్మాయి ఫరీన్ చేసింది అంటాడు, ఆ మాట మైకులో వినబడుతుంది అనుకున్నాను. ఇన్నేళ్ళ పనికి నాకు కావలసింది అదొక్కటే. శాలువా ఆయన కప్పుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఇంకో ఆశ కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. నాయుడుపేట నుంచి క్రీస్తురాజు అనే ఆయన వస్తాడని తెలిసింది. నేను రాసిన వాక్యాలను చూసి సరేననేదీ, కాదని వెనక్కి పంపేదీ ఆయనే. పాస్‌వర్డ్‌ను తెలుగులో ఏమనాలన్న దాని మీద ఇద్దరం వారాల తరబడి వాదించుకున్నాం. ‘గుర్తుమాట’ అంటాను నేను, పిల్లలు నవ్వుతారంటాడాయన. ఈ లోకంలో నేను రాసిన వాక్యాన్ని అక్షరం అక్షరం చదివిన మనిషి ఆయనొక్కడే. ఆయనకు నా ముఖం చూపించాలనిపించింది.

టైలరు ఇంట్లోనే కొత్త చొక్కాకు కరువంటారు. ఆ కరువు తీర్చుకుందామని నాయన ఎవరి యూనిఫారాలనో పక్కకు నెట్టి తనకోసం తెల్లచొక్కా కుట్టుకున్నాడు. కాజాలు అమ్మ కుట్టింది. బయల్దేరే రోజున పొద్దున్నే ఆయన అద్దం ముందు నిలబడి బొత్తాలు పెట్టుకుంటుంటే, అమ్మ దగ్గరికి వచ్చి కాలరు సర్దింది. నాకు నీళ్ళ సీసా చేతికిచ్చి, “ఆడ తిన్నావా లేదా చూసేవాళ్ళుండరు, నువ్వే పెట్టుకోని తిను” అంది.

బస్సులో కిటికీ పక్కన నాయన కూర్చున్నాడు, చొక్కా నలగకుండా నిటారుగా. రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి.

“ఆడ నన్ను మాట్లాడమంటే ఏం మాట్లాడమంటావు?” అన్నాడు.

“ఉన్నదున్నట్టు చెప్పు నాయనా, చాలు.”

“ఉన్నది తప్ప ఇంకోటి చెప్పేది నాకు చేతనవునా?” అన్నాడు. ఆ మాటకు నా ప్రాణం కుదుటపడింది.

కాలేజీ గేటు దగ్గర పెద్ద బ్యానరు. లోపల బల్ల ముందు పట్టుచీరలు కట్టుకున్న ఆడపిల్లలు. నాయన పేరు చెప్పగానే ఒక అమ్మాయి లేచి నిలబడి, ముందే అచ్చువేసి పెట్టిన బ్యాడ్జీ ఆయన మెళ్ళో వేసింది. ‘శ్రీ అమీర్ బాషా, విశిష్ట అతిథి.’ తర్వాత నా వైపు తిరిగి, “మీరు మేడమ్?” అంది. “వారితో వచ్చాను” అన్నాను. ఆ పిల్ల పాపం వెదికి వెదికి, ఒక ఖాళీ బ్యాడ్జీ మీద ‘సహాయకులు’ అని స్కెచ్ పెన్నుతో రాసిచ్చింది. పేరు రాయడానికి చోటు మిగల్లేదు. మెళ్ళో వేసుకున్నాను.

నాయన్ని ముందు వరసకు తీసుకెళ్ళారు. నేను వెనక, ఏసీ గాలి సూటిగా తగిలే చోట కూర్చున్నాను. నా పక్కనున్న కుర్రవాడు ఫోన్లో రీల్స్ చూసుకుంటున్నాడు. వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. డిజిటల్ మాధ్యమాలు పల్లెబడికి ఏం చేయగలవో ఒకాయన చెప్పాడు. ఓపెన్ సోర్స్ అంటే దానం కాదు, పంచుకోవడం అని ఇంకొకాయన చెప్పాడు. ఒక మేడమ్ తమ బళ్ళో పిల్లలు ఈ సాఫ్ట్‌వేర్ ఎలా వాడుతున్నారో వీడియో వేసి చూపించింది. చిన్న పిల్ల, రెండు జడలు, వేలితో నొక్కింది. తెర నిండా అక్షరాలు వచ్చాయి. ‘కాదు, ఇంకోసారి చూడు, దగ్గరికొచ్చావు.’ పిల్ల కిసుక్కున నవ్వి మళ్ళీ నొక్కింది. హాలంతా నవ్వారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అది నాది అని ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్కనున్న కుర్రవాడి వైపు తిరిగాను. అతను ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, “బాత్రూమా అక్కా? ఆ చివర” అన్నాడు.

అంతమందిలో అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. షాపులో ఇస్త్రీ బల్ల చివర కూర్చున్నప్పుడు ఒంటరితనం తెలిసేది కాదు, అక్కడ చేతికి పని ఉండేది.

మధ్యాహ్నానికి ముందు సన్మానం. పెంచలకృష్ణ గారు పొడుగ్గా, గొంతు గంభీరంగా ఉన్న మనిషి. నాయన గురించి చాలా గొప్పగా చెప్పాడు. నిజానికి నా గురించి చెప్పాడు. ఎన్నేళ్ళ శ్రమ, ఎంత నిష్ఠ, ఏ ప్రతిఫలమూ కోరని మనసు అని ఒక్కొక్కటే చెబుతుంటే, ముందు వరసలో నాయన తల వంచుకుని వింటున్నాడు. వెనక వరసలో నేను కూడా తల వంచుకునే విన్నాను. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, ఫోటోలు తీశారు. మైకు ఇచ్చారు.

నాయన మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

“అందరికీ నమస్కారం. నేను టైలర్ని. చదువు ఐదో తరగతితో ఆగిపోయినాది. ఇంతమంది సార్ల ముందర నిలబడతానని అనుకోలేదు. నేను చేసింది పెద్ద పనేం కాదు. నాకు తెలిసిన మాట నేను చెప్పినా. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేది మా పాప. బడి నించి అట్నే వచ్చి నా పక్కన కూర్చోని టైపు కొడతాది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. ఆ పిల్ల లేకుంటే నా మాట మా షాపు గడప దాటేది కాదు.”

చప్పట్లు మారుమోగాయి. పెంచలకృష్ణ గారు మైకు అందుకుని, “ఆ అమ్మాయి సభలో ఉందా? ఒకసారి లేమ్మా” అన్నాడు. లేచాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. టైపు కొట్టినందుకు నాకు కూడా చప్పట్లు కొట్టారు. పక్కన కుర్రవాడు కూడా ఫోను ఒళ్ళో పెట్టుకుని కొట్టాడు. నాయన వేదిక మీది నుంచి నన్ను వెదికి చూసి నవ్వాడు. దాచుకున్నదేమీ లేని నవ్వు అది. ఆయన అబద్ధమాడి ఉంటే అక్కడికక్కడే ఏదో ఒకటి అనేదాన్నేమో. ఆయన ఉన్నదున్నట్టే చెప్పాడు, తాను చూసిందే చెప్పాడు. ఇన్నేళ్ళూ నా పక్కన కూర్చుని ఆయన చూసింది టైపు కొట్టడం. అందుకే మళ్ళీ కూర్చున్నాను.

భోజనాల దగ్గర నాయన చుట్టూ జనం. వాళ్ళలో ఒకాయన, లావుపాటి కళ్ళద్దాలు, నాయన్ని రెండు చేతులా వాటేసుకుని ఉన్నాడు.

“అన్నా, నేను క్రీస్తురాజుని. నాయుడుపేట. మీతో ఎన్ని గొడవలు పడ్డానన్నా. మీతో పోట్లాడకపోతే నాకు ఆ రోజు అన్నం సయించేది కాదు.”

నాయనకేమీ అర్థం కాలేదు. అయినా మర్యాద తెలిసిన మనిషి, “ఏముండాదిలే సార్, పనన్నాక ఉంటాయి” అన్నాడు. కొలత సరిపోలేదని పోట్లాడే గిరాకీతో కూడా అలాగే మాట్లాడతాడు.

ఆయన పళ్ళెంలో పెరుగన్నం పెట్టుకోవడానికి పక్కకు రాగానే నేను దగ్గరికి పోయాను. “గుర్తుమాట బాగానే ఉంది సార్. పిల్లలు నవ్వలేదు. మా బళ్ళో వాడి చూశాను” అన్నాను.

క్రీస్తురాజు గారి చేతిలో గరిటె ఆగింది. నా ముఖంలోకి చూశాడు. ఒక్క క్షణం, అంతే, కనుక్కున్నాడనుకున్నాను. తర్వాత ఆయన కళ్ళు నా మెళ్ళో బ్యాడ్జీ మీదికి దిగాయి.

“అన్న నీతో అన్నీ చెబుతాడన్నమాట” అని నవ్వాడు. “అదృష్టవంతురాలివమ్మా. అట్టాంటి తండ్రి దగ్గర నేర్చుకోవాల్సింది బో ఉంటాది.”

అవును సార్ అన్నాను. అన్నం పెట్టుకున్నాను గానీ తినలేదు. అమ్మ చెప్పినట్టు, చూసేవాళ్ళెవరూ లేరు.

తిరుగు బస్సులో నాయన శాలువాను ఒళ్ళో పెట్టుకుని అంచు తడిమి చూశాడు. “మిషను మీద లాగిపారేసినారు, కుట్టు ఎట్టా పోయిందో చూడు” అన్నాడు. నేను బ్యాడ్జీ మెళ్ళోంచి తీసేశాను. “ఏమ్మా, అట్టుండావు?” అంటే తలనొప్పి అన్నాను. కిటికీ వైపు నన్ను జరగమని, గాలి తగిలేలా అద్దం తీసిపెట్టాడు. ఇలాంటివి చేస్తాడు కాబట్టే ఆయన మీద నిండుగా కోపం తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు.

ఇంటికి రాగానే అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

“నీ పేరు చెప్పినారా?”

“లేచి నిలబడమన్నారు.”

“పేరు?”

“పేరు చెప్పలేదమ్మా. టైపు కొడుతుందని చెప్పాడు నాయన.”

అమ్మ పొయ్యి మీద గిన్నె దించి, గుడ్డతో చేతులు తుడుచుకుంది. నన్ను దగ్గరికి తీసుకుంటుందేమోనని చూశాను. “అలవాటవతాదిలే” అని మాత్రం అంది.

శాలువా షాపులో గోడకు ఎక్కింది, జ్ఞాపిక దాని కింద మేకుకు. యూనిఫారాలకు వచ్చిన ప్రతి తల్లీ అదేమిటని అడగడం, నాయన మొదట్నుంచి చెప్పడం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆయన రచ్చ గెలిచి ఇంటికొచ్చాడు, నేను రెండు చోట్లా ఓడిపోయాను. సాయంత్రాలు షాపుకు పోతూనే ఉన్నాను గానీ మాటలు అడగడం మానేశాను. నాలుగు రోజులకు ఆయనే అడిగాడు.

“ఏమ్మా, ఈ మధ్య మాటలేం కావాలనడం లేదే?”

“లేవు నాయనా.”

“అయిపోయినాయా?”

“అయిపోయినాయి.”

“రవంత చూడమ్మా, ఏదన్నా మిగిలుంటాది” అన్నాడు. నిజంగానే దిగులుపడ్డాడు. సన్మానం అయినప్పటి నుంచీ ఆయన గిరాకీలతో మాట్లాడుతూ కూడా మాటలు ఏరిపెట్టుకుంటున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం, షాపు మూసి నాయన ఇంట్లో ఉన్నాడు. అమ్మ గడప దగ్గర కూర్చుని గళ్ళ చొక్కాలకు కాజాలు కుడుతోంది. ఆ మాట నాలో ఇక ఆగలేదు.

“నాయనా, ఇన్నేళ్ళూ నేను టైపు కొడతా ఉండాననే అనుకున్నావా?”

“మరేం చేస్తా ఉండావు?” అన్నాడు. వెక్కిరింపు కాదు, తెలుసుకుందామనే అడిగాడు.

చెప్పాను. వాక్యాలన్నీ నేనే రాశానని, ఆయన చెప్పినవి గుప్పెడు మాటలని, ఆ క్రీస్తురాజు గారు ఇన్నాళ్ళూ పోట్లాడింది నాతోనని, ఆ సభలో పొగిడిందంతా నన్నని. గట్టిగా ఏమీ చెప్పలేదు. నాయన శ్రద్ధగా విన్నాడు.

“అట్టా అయితే నువ్వు బో కష్టపడినావు తల్లీ” అన్నాడు. “కాదనను. కానీ ఒకటి చెప్పు. గుడ్డ కత్తిరించకుంటే కాజా యాడ కుడతారు? కత్తిరించేదే పని. ఆడ తప్పుపోతే గుడ్డంతా పాయ. తక్కిందంతా చేతిపని, ఓపికుంటే ఎవరన్నా చేస్తారు. మీ అమ్మనడుగు కావాలంటే.”

అమ్మ వైపు చూశాను. సూది సగం కాజాలో ఆగి ఉంది. అమ్మ దారం పంటితో కొరికింది. సూదిని దారపు రీలుకు గుచ్చింది. చేతిలోని చొక్కాను మడిచి గుట్ట మీద పెట్టి, లేచి లోపలికి పోయింది. ఆ చొక్కాకు పై రెండు కాజాలే పూర్తయ్యాయి.

మర్నాడు వేళ్ళు నొప్పి అంది. ఆ మర్నాడూ అంతే. జూలై మొదటివారం, బళ్ళో యూనిఫారం లేకుండా రావద్దని పిలకాయలను వెనక్కి పంపుతున్న రోజులు. షాపు నుంచి చొక్కాలు వస్తున్నాయి, గడప దగ్గర గుట్ట పెరుగుతోంది. మాలకొండమ్మ అనే ఆమె మనవడి చొక్కా కోసం వచ్చి, బొత్తాల్లేని చొక్కాను విప్పి చూసి, “ఇదేంది బాషా, పిన్నీసులు పెట్టుకోని పొమ్మంటావా బిడ్డని?” అని అరిచి పోయింది. నాయన ఒకరోజు తనే కూర్చుని కాజా కుట్టబోయాడు. ఆయన వేళ్ళు మిషనుకు అలవాటైనవి, సన్న సూది వాటిలో నిలవక జారిపోతోంది. అమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉంది. ఆమె దేనికోసం చూస్తోందో నాకు తెలుసు. నువ్వు కుడితేనే చొక్కా అవుతుంది మే, అని ఆయన ఒక్కసారి అంటే చాలు. ఆ పూటే సూది పట్టుకునేది.

నాయన తను కుట్టిన కాజాను వెలుతురుకు పెట్టి చూసి, నవ్వి, ఊడదీశాడు. మర్నాడు తెల్లారి చొక్కాలన్నీ మూటకట్టుకుని నెల్లూరు బస్సెక్కాడు. అక్కడ కాజాలు కుట్టే మిషనుందట. సాయంత్రానికి అన్నీ పూర్తయి తిరిగి వచ్చాయి, అన్ని కాజాలూ ఒకే తీరుగా.

“ఇంక నువ్వు కష్టపడే పన్లేదు మే” అన్నాడు అమ్మతో, ఎంతో ప్రేమగా. “నీ వేళ్ళు నొప్పంటివి గదా. నాకు ముందే తోచింటే ఇన్నేళ్ళు నీకీ బాధ లేకపోను.”

అమ్మ ఒక చొక్కా తీసుకుని కాజా మీద బొటనవేలు పెట్టి రుద్ది చూసింది. “బాగానే ఉండాది” అంది. తనను అడగాలనుకుంది ఆమె, ఆయన విశ్రాంతి ఇచ్చాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట అమ్మ గడప దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. గుట్ట లేదు, ఇల్లు విశాలంగా ఉంది. ఆ విశాలంలో ముగ్గురమూ ఒకరికొకరు అందకుండా తిరిగాం.

నేను షాపుకు పోవడం తగ్గించాను. మా మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన కొంచెం సిగ్నల్ వస్తుందని అప్పుడే కనిపెట్టాను. అమీర్ బాషా ఖాతాకు క్రీస్తురాజు గారి సందేశాలు వచ్చిపడుతున్నాయి. అన్నా, వాక్యాలు ఆగిపోయాయేం, ఒంట్లో బాగాలేదా అని. ఆ ఖాతా పేరు మార్చడం కష్టమేమీ కాదు. ఒక్క చోట నొక్కి ఫరీన్ అని కొడితే సరిపోతుంది, ఇన్నేళ్ళ పనీ నాదైపోతుంది. చాలాసార్లు అక్కడిదాకా పోయాను. మారిస్తే అక్కడ చప్పట్లు కొట్టినవాళ్ళందరి ముందూ నాయన దొంగవుతాడు. ఆయన దొంగ కాదు. గోడ మీది శాలువా కింద నిలబడి గిరాకీలకు కథ చెప్పే ఆ మనిషి ముందు ఆ శాలువాను దించడానికి నాకు చేతులు రాలేదు. నాది నాకు కావాలి, ఆయనది ఆయన్నుంచి లాక్కోకూడదు. రెండూ కుదరవని తెలిసేటప్పటికి జూలై అయిపోవచ్చింది.

ఒక సాయంత్రం సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. ట్యాంకు పక్కన కూర్చుని అమీర్ బాషా ఖాతాలోంచి బయటికొచ్చాను. కొత్త ఖాతా తెరిచాను. పేరు అడిగిన చోట ఫరీన్ అని కొట్టాను. ఎన్ని వాక్యాలు అనువదించారు అన్న చోట సున్నా పడింది. ఆ సున్నాను చూస్తే ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఎండిన బట్టలు తీయడానికి అమ్మ పైకి వచ్చిందని చూసుకోలేదు. అమ్మ బట్టలు భుజాన వేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఎందుకేడుస్తున్నావని అడగలేదు. తెర వైపు వేలు చూపించింది. అమ్మకు చదువు రాదు.

“ఏం రాసుండాది అందులో?”

కొత్తగా చేరినవాళ్ళకు వచ్చే పలకరింపు అది. కళ్ళు తుడుచుకుని చదివి వినిపించాను. “రండి. మీరు కొత్తవారైనా పరవాలేదు. మీకు తెలిసిన ఒక్క మాటతో మొదలుపెట్టండి. తక్కినవాళ్ళం మీ పక్కనే ఉన్నాం.”

అమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

“బో మర్యాదగా పిలస్తా ఉండారే” అంది. “ఎవురు రాసినారు?”

“నేనేమ్మా. మొదట్లో రాసినా.”

అమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది.

“అయితే నిన్ను నువ్వే పిలుచుకున్నావా?” అంది.

అవునన్నాను.